కాశిబుగ్గ దాటాక ఉన్న రాత్రి బడి: మా చిన్నమ్మను పంపాక రాస్తున్న రివ్యూ

ఐదుకు నాలుగు. చాలామంది ఆ అంకె చూసి పోయేవాళ్ళే కాబట్టి ముందే చెప్పేస్తున్నా. తగ్గించిన ఆ ఒక్కటి ఎందుకో కింద రాశాను, ఇంట్లో ఆడవాళ్ళను పంపాలనుకునేవాళ్ళు అది తప్పకుండా చదవండి.

వరంగల్‌లో కాశిబుగ్గ దాటి ఏనుమాముల మార్కెట్ వైపు వెళ్తుంటే లోపలి వాడల్లో ఒక రేకుల షెడ్డు ఉంటుంది, బడి నడిచేది అందులోనే. బోర్డు లేదు, పేరూ లేదు, వాడలో అందరూ రాత్రి బడి అంటారు. నడిపేది ఇద్దరు. ఒకామె ప్రభుత్వ బడిలో పనిచేసి రిటైరైన టీచరు, ఆమెను అందరూ అక్క అనే పిలుస్తారు. ఇంకొకతను ఎమ్మే చేసి ప్రైవేటు ఉద్యోగం చేసుకుంటున్న అబ్బాయి. తమ పేర్లు ఎక్కడా పెట్టొద్దన్నారు, అందుకే పెట్టడం లేదు. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా, ఆదివారం సెలవు. ఫీజు లేదు. చాయ్‌కి, కరెంటు బిల్లుకి అని నెలకు 50 రూపాయలు ఇవ్వగలిగినవాళ్ళు డబ్బాలో వేస్తారు, వేయనివాళ్ళను ఎవరూ అడగరు, ఎవరు వేశారో రాసి పెట్టరు కూడా.

వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మార్కెట్ మీద బతికేవాళ్ళే. చాటలతో సరుకు ఎత్తే, చెరిగే చాట కూలీలు, హమాలీలు, ఆటో నడిపేవాళ్ళు, కొత్తవాడ నుంచి సైకిల్ మీద వచ్చే జంపఖానాలు నేసే పెద్దాయన ఒకరు, ఎనిమిదో తొమ్మిదో తరగతిలో చదువు ఆగిపోయి ఇప్పుడు ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టిన ఆడపిల్లలు కొందరు. మా చిన్నమ్మ చాట కూలీ. చిన్నప్పుడు బడిలో ఒక్క రోజు కూడా కూర్చోలేదు, ఇంట్లో చెల్లెళ్ళను చూసుకోవడంతోనే ఆమె చిన్నతనం అయిపోయింది. ఆమెను దింపడానికి, తీసుకురావడానికి వెళ్తూ నేనూ వెనక బల్ల మీద కూర్చోవడం అలవాటైంది, ఈ రివ్యూ అలా కూర్చుని చూసిన దాంట్లోంచి రాస్తున్నది.

అసలు విషయానికి వస్తాను. ఇక్కడ పాఠం అ, ఆ లతో మొదలవదు. ఎవరింట్లో ఉన్న కాగితం వాళ్ళు తీసుకురావాలి. కరెంటు బిల్లు, రేషన్ కార్డు, ఆస్పత్రి చీటీ, మార్కెట్లో తూకం, ధర రాసి ఇచ్చే తక్‌పట్టీ, గ్రూపు లోను పుస్తకం, ఏదైనా సరే. అక్క దాన్ని పేర్లు కనపడకుండా కప్పి పెద్ద చార్టు మీద రాయిస్తుంది. ముందు అందరూ ఆ కాగితం గురించి మాట్లాడతారు, ఇది ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, ఇందులో మనకు తెలిసినవి ఏవి, తెలియనివి ఏవి అని. ఆ మాటల్లోంచి రెండు మూడు పదాలు బోర్డు మీదకు వస్తాయి. వాటిని విరిచి, అక్షరాలు నేర్పి, అవే అక్షరాలతో వేరే పదాలు కట్టిస్తారు. మా చిన్నమ్మ మొదట రాసిన పదం ఆమె పేరు కాదు, కిస్తీ.

నేను చూసినవాటిలో అన్నిటికంటే బాగా నచ్చిన పాఠం ఆ కిస్తీదే, అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. ఒకామె తెచ్చిన లోను పుస్తకంలో 20,000 అప్పు, వారానికి 460 చొప్పున 50 వారాలు. వడ్డీ ఎంత అని అక్క అడిగితే, అప్పు ఇచ్చినవాళ్ళు పదిహేను శాతం అన్నారని ఆమె చెప్పింది. లెక్క కట్టారు. మొత్తం కట్టేది 23,000, అంటే వడ్డీ 3,000, 20,000కి 3,000 అంటే పదిహేను శాతమే, సరిపోయింది కదా అని అందరూ అన్నారు. అప్పుడు అక్క ఏమీ చెప్పకుండా ఒక్కటే అడిగింది, ఇరవై వేలూ ఏడాదంతా నీ చేతిలోనే ఉన్నాయా అని. ఎవరూ మాట్లాడలేదు. చాలాసేపటికి వెనక నుంచి ఒక హమాలీ "యాడ ఉంటయి అక్కా, వారం వారం కట్టుకుంట పోతనే ఉంటది కదా" అన్నాడు. సగం ఏడాదికి సగం అప్పు తీరిపోయింది, అయినా వడ్డీ మాత్రం మొదటి రోజు అప్పు మీదే వేశారు. బోర్డు మీద వారాలు రాసి, మిగిలిన అప్పు ఎంతెంతో రాసుకుంటూ వస్తే, సగటున చేతిలో ఉన్నది పదివేల చిల్లరే అని తేలింది. పదివేల చిల్లరకు 3,000 అంటే దాదాపు ముప్పై శాతం. ఆ రాత్రి తొమ్మిది దాటినా ఎవరూ లేవలేదు. మరి ఎందుకు తీసుకుంటున్నాం అని ఒకామె, బ్యాంకు మనకెందుకు ఇవ్వదు అని ఇంకొకామె, బయట వడ్డీ వ్యాపారి అయితే ఇంకా ఎక్కువ కదా అని మూడో ఆమె. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రో ఫైనాన్స్ అప్పుల వసూళ్ళ ఒత్తిడితో ఆత్మహత్యలు జరిగాయని, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చిందని అబ్బాయి చెప్తే, ఆ రోజులు గుర్తున్నవాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు. శాతాలు నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

మిర్చి కల్లం దగ్గర ఊళ్ళో తిరిగే వ్యాపారి రాసిచ్చిన చీటీతో కూడా ఇలాగే చేశారు. బస్తాకు కిలో తరుగు తీశారు, 20 బస్తాలు, క్వింటాలు 14,000. తరుగు కింద పోయింది 2,800 రూపాయలు. గుణకారం అంతే, పిల్లలు మూడో తరగతిలో చేసేదే. కానీ కిలో ఎందుకు, అరకిలో ఎందుకు కాదు, ఎవరు నిర్ణయించారు అన్న ప్రశ్న మూడో తరగతి పుస్తకంలో ఉండదు.

చదువు రానివాళ్ళు ఇంత లోతుగా మాట్లాడగలరా అని నాకు తెలిసిన లెక్చరర్ ఒకాయన అడిగాడు. మాట్లాడగలరు, మాట్లాడుతున్నారు. వాళ్ళకు లేనిది అక్షరం, ఆలోచన కాదు.

ఇదేదో ఈ ఇద్దరు కనిపెట్టిన పద్ధతి కాదు, వాళ్ళూ అలా చెప్పుకోరు. మూలం బ్రెజిల్‌కు చెందిన పావులో ఫ్రేరే. 1921లో రెసిఫే నగరంలో పుట్టాడు. 1963లో అంగికోస్ అనే చిన్న పట్టణంలో 300 మంది కూలీలకు దాదాపు 40 గంటల తరగతులతో చదవడం రాయడం నేర్పే ప్రయోగం నడిపాడు. ఇళ్ళు కట్టే కూలీలకు ఇటుక అనే మాటతో మొదలుపెట్టడం లాంటిది ఆయన పద్ధతి, నేర్చుకునేవాళ్ళ బతుకులోంచే మాటలు ఏరుకోవడం, ఆ మాట చుట్టూ ముందు చర్చ, తర్వాత అక్షరం. అప్పట్లో ఆ దేశంలో చదువు రానివాళ్ళకు ఓటు లేదు, 1985 దాకా లేదు. అంటే కూలీకి అక్షరం వచ్చిందంటే ఓటు వచ్చినట్టే, భూస్వాములకు భయం పట్టుకోదా మరి. 1964లో సైన్యం అధికారం లాక్కోగానే ఆయన్ను జైల్లో పెట్టారు, తర్వాత దేశం విడిచి పోవాల్సి వచ్చింది, పదిహేనేళ్ళు బయటే గడిపాడు. పెద్దలకు అక్షరాలు నేర్పినందుకు ఒక మనిషికి జైలు, ప్రవాసం. చదువుకు రాజకీయాలతో పనేంటి అనేవాళ్ళకు నేను ముందుగా చెప్పేది ఈ సంగతే.

చిలీలో ఉన్నప్పుడు 1968లో రాసిన పుస్తకంలో మామూలు బడి చదువును ఆయన బ్యాంకుతో పోల్చాడు. టీచరు డబ్బు వేస్తూ పోతాడు, విద్యార్థి దాచిపెడుతూ పోతాడు, పరీక్ష రోజు తీసి చూపిస్తాడు. యాభై ఏళ్ళు దాటింది ఆ మాట అని, కానీ నయీంనగర్ నుంచి హంటర్ రోడ్ దాకా ఒకసారి బండి మీద వెళ్ళి హోర్డింగులు చూడండి, ర్యాంకులు, మార్కులు, పిల్లల ముఖాలు పాస్‌పోర్టు సైజులో వరుసగా. మా అన్న కొడుకు ఒక పేరున్న హాస్టల్లో ఇంటర్ చదివాడు, పేరు రాయను. పొద్దున ఐదున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా కూర్చోబెట్టేవాళ్ళు. డౌట్ అడిగితే సిలబస్ వెనకబడుతుందని కూర్చోమనేవాళ్ళట. వాడికి మంచి మార్కులే వచ్చాయి, ఇంజినీరింగ్ కూడా చదువుతున్నాడు. ఇంటికొస్తే మాత్రం ఏది అడిగినా "ఆన్సర్ ఏంటో చెప్పు బాబాయ్" అంటాడు, తను ఆలోచించి చెప్పాలంటే టెన్షన్ పడతాడు. లక్షలు కట్టిన చోట పిల్లాడు ప్రశ్న మానేశాడు, యాభై రూపాయల డబ్బా ఉన్న చోట మా చిన్నమ్మ ప్రశ్న మొదలుపెట్టింది. నాకు ఇది బాధగానే ఉంది.

మన దగ్గర ఇలాంటిది జరిగిందా అంటే, జరిగింది, అదీ ప్రభుత్వ వాచకంతోనే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం నడిచినప్పుడు ఒక పాఠంలో ఆడవాళ్ళంతా కలిసి ఊళ్ళో సారా దుకాణం మూయించిన కథ ఉంది. దూబగుంట ఆడవాళ్ళు అది చదువుకుని, మరి మన ఊళ్ళో ఎందుకు చేయకూడదు అనుకున్నారు, చేశారు. 1992కల్లా ఉద్యమం అయింది, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఫ్రేరే పేరు ఆ ఆడవాళ్ళలో ఎంతమంది విని ఉంటారో నాకు అనుమానమే, అవసరం కూడా లేదు. రాత్రి బడిలో ఈ కథ చెప్పినప్పుడు చాట కూలీల ముఖాలు చూడాల్సింది, ఎందుకంటే సారా పోయినా వాళ్ళ ఇళ్ళల్లో తాగుడు పోలేదు, వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్నే "మరి ఇప్పుడు బెల్టు షాపులు ఎట్ల వచ్చినయి" అని.

ఇంకా వెనక్కి పోతే పూణేలో జ్యోతిరావు ఫూలే, సావిత్రిబాయి. 1848లో ఆడపిల్లల బడి అందరికీ తెలుసు, 1855లో తమ ఇంట్లోనే కూలీలకు, రైతులకు రాత్రి బడి పెట్టిన సంగతి తక్కువమందికి తెలుసు. 1882లో బ్రిటిష్ ప్రభుత్వం చదువు మీద వేసిన హంటర్ కమిషన్ ముందు ఫూలే చెప్పింది కూడా ఇదే లెక్క, పన్ను కట్టేది రైతులు, ఆ డబ్బుతో చదువు పొందేది పైవాళ్ళు అని. మన హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లో పెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగులో చదువుకునే వీలే తక్కువ, ప్రైవేటు బడి పెట్టాలన్నా సర్కారు అనుమతి కావాలి, అలాంటి రోజుల్లో గ్రంథాలయమే బడి, సభ, ధైర్యం అన్నీ. కాబట్టి ఎవరైనా ఇది విదేశీ సరుకు అంటే నేను ఒప్పుకోను. మన నేల మీద ఇది ముందు నుంచీ ఉంది, మధ్యలో మనం వదిలేశాం.

2011 జనాభా లెక్కల్లో తెలంగాణ అక్షరాస్యత 66.5 శాతం, ఆడవాళ్ళలో 58 శాతం దగ్గర. ఆ లెక్కలో అక్షరాస్యులంటే ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం రాయడం వచ్చినవాళ్ళు. మా చిన్నమ్మ ఇంతకుముందు ఒక క్లాసుకు కొన్నాళ్ళు వెళ్ళింది, సంతకం నేర్పి ఫొటో తీసుకుని పంపేశారు. ఆ సంతకం ఎక్కడెక్కడ పనికొచ్చిందంటే ఆమె చదవలేని కాగితాల కింద పెట్టడానికి. వేలిముద్ర వేసినప్పుడు కనీసం ఎవరినైనా చదివి చెప్పమని అడిగేది, సంతకం వచ్చాక అదీ మానేసింది, చదువు రాదని తెలిసిపోతుందని సిగ్గు. సగం చదువు ఎంత ప్రమాదమో నాకు అప్పుడు అర్థమైంది.

ఫోన్ వచ్చాక చదువెందుకు, అన్నీ మాటల్లోనే అయిపోతున్నాయి కదా అంటారు కొందరు. అందుకే ఎక్కువ కావాలి. లోను యాప్‌లో కింద కనిపించే బటన్ నొక్కితే దేనికి ఒప్పుకున్నట్టు, ఓటీపీ చెప్తే ఏమవుతుంది, వాట్సాప్‌లో వచ్చిన వీడియో ఎవరు చేశారు, ఎవరికి లాభం, ఇవన్నీ ఇక్కడ వారంలో ఒక రాత్రి మాట్లాడతారు. ఫోన్ క్లాసు అబ్బాయి చెప్తాడు, చాలా ఓపిక.

పదో తరగతి బ్యాచ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అందుకోసమే అడుగుతారు. చర్చలు బాగానే ఉన్నాయి, మరి పాస్ చేయిస్తారా అని. చేయిస్తారు, పాత ప్రశ్నపత్రాలు రాయిస్తారు, లెక్కలు బట్టీ పట్టించకపోయినా పదే పదే చేయిస్తారు. అక్క ఈ విషయంలో గట్టిమనిషి. సర్టిఫికెట్ లేకుండా చైతన్యం ఒక్కటే ఉంటే ఈ పిల్లలకు ఉద్యోగం ఎవరిస్తారు అంటుంది, నాకు ఆ మాట నచ్చింది. విద్యార్థులతో సంభాషణ అంటే టీచరు చేతులు కట్టుకుని కూర్చోవడం అనుకునేవాళ్ళు ఉన్నారు, ఇక్కడ అలా లేదు. తప్పు రాస్తే తప్పనే చెప్తారు, అవమానించకుండా చెప్తారు.

ఇక ఆ తగ్గించిన ఒక్కటి. ముందుగా, మగవాళ్ళ గొంతు. హమాలీ అన్నలు మంచివాళ్ళే, కానీ చర్చ మొదలైతే వాళ్ళే మాట్లాడతారు, ఆడవాళ్ళు చాలాసేపు వింటూ ఉంటారు. ఇది చిన్న విషయం కాదు. అమెరికాలో బెల్ హుక్స్ అనే నల్లజాతి రచయిత్రి, తను కూడా టీచరే, ఫ్రేరేను ఎంతో గౌరవిస్తూనే ఆయన రాతలో మనిషి అంటే మగవాడే అన్నట్టు ఉందని నేరుగా తప్పుపట్టింది. విముక్తి గురించి మాట్లాడే చోట కూడా ఆడవాళ్ళు వెనక వరుసలో ఉంటే ఎలా? నేను ఈ మాట అక్కతో అన్నాను. తర్వాత గుండ్రంగా కూర్చోబెట్టడం, ముందు ఆడవాళ్ళను అడగడం మొదలుపెట్టారు, కొంత మారింది, ఇంకా మారాలి.

రెండోది, బయటినుంచి పిలిచే అతిథులు. ఒక రాత్రి ఒకాయన వచ్చి గంటకు పైగా ఉపన్యాసం ఇచ్చాడు, దోపిడీ గురించే, మాటలన్నీ నిజాలే, కానీ వినేవాళ్ళలో ఒక్కరిని కూడా ఒక్క మాట అడగలేదు. పొద్దున నాలుగింటికి లేచి బస్తాలు మోసినవాళ్ళు కూర్చునే నిద్రపోయారు. ప్రశ్నించండి అని ఉపన్యాసం ఇస్తే అదీ బ్యాంకులో డబ్బు వేయడమే, సరుకు మారిందంతే. నడిపేవాళ్ళు ఈ విషయంలో మొహమాటం వదిలేయాలని గట్టిగా కోరుతున్నాను.

మూడోది, సౌకర్యాలు. ఆడవాళ్ళకు టాయిలెట్ లేదు, పక్కింటివాళ్ళ దయ మీద నడుస్తోంది. సందు చివర వీధి దీపం వెలగదు. వానాకాలం రేకుల మీద చప్పుడుకు ఏమీ వినపడదు. చంటిపిల్లలతో వచ్చేవాళ్ళకు పిల్లలను చూసుకునే మనిషి ఒకరు ఉంటే చాలా సాయం, కాలేజీ పిల్లలెవరైనా రోజుకొకరు వచ్చినా సరిపోతుంది. మిర్చి సీజన్లో మార్కెట్ పని రాత్రి దాకా సాగుతుంది, అప్పుడు సగం మంది రారు, మళ్ళీ వచ్చేసరికి మర్చిపోయి ఉంటారు. ఆ నెలల్లో పొద్దుటి పూట మార్కెట్ దగ్గరే అరగంట పెడితే బాగుంటుందని నా సలహా.

మా చిన్నమ్మకు ఏమైనా మారిందా అంటే, కూలి పెరగలేదు, అది రాయకపోతే మోసం అవుతుంది. కిస్తీలూ ఇంకా ఉన్నాయి. కొత్తగా లోను ఇస్తామని వచ్చినతన్ని మాత్రం గడప దగ్గరే నిలబెట్టి "మొత్తం ఎంత కడ్త, రాసి సూపియ్యి" అంది. వాళ్ళ గుంపులో ఎవరెవరు ఎన్ని రోజులు పనికి వచ్చారో రాసే నోటుబుక్కు ఇప్పుడు ఆమె దగ్గరుంది, ఇంతకుముందు అది మేస్త్రీ జేబులో ఉండేది. ఒకసారి రెండు రోజుల కూలి తేడా వస్తే పుస్తకం తీసి చూపించారు, ఇచ్చేశాడు.

వారంలో తెలుగు పేపరు చదివేయాలి, నెలలో ఇంగ్లీషు రావాలి అనుకునేవాళ్ళకు ఇది సరిపడదు. నెమ్మదిగా నడుస్తుంది, మాటలు ఎక్కువ, కొన్ని రాత్రులు ఒక్క పదమే రాస్తారు. మిగిలినవాళ్ళు వెళ్ళండి, మీ ఇంట్లోవాళ్ళను, మీ దగ్గర పనిచేసేవాళ్ళను పంపండి. ముందుగా చెప్పాల్సిన పనిలేదు, ఏ నెలలోనైనా చేర్చుకుంటారు. కాశిబుగ్గ సెంటర్లో దిగి ఆటో స్టాండులో రాత్రి బడి అని అడిగితే చూపిస్తారు. నోటుబుక్కు, పెన్ను, ఇంట్లో అర్థం కాక పక్కన పెట్టిన కాగితం ఏదైనా ఒకటి తీసుకెళ్ళండి, ఆధార్ మాత్రం వద్దు, నంబర్లు అందరికీ కనిపిస్తాయని అక్క తిప్పి పంపేస్తుంది.